డాలస్ వింగ్స్ నిన్న పుట్టిన జట్టు కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక ప్రవాస తెలుగువారి పేజీలో డాలస్ వింగ్స్ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు గురించి వచ్చిన వ్యాసం చదివి చాలా రోజులైంది. అందులోని తప్పులను ఎవరైనా మీ దృష్టికి తెస్తారని, మీరు సవరణ వేస్తారని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదో, రాసినా చోటు దొరకలేదో మరి. క్రికెట్ స్కోరులో ఒక్క పరుగు తేడా వస్తే మర్నాడే చింతిస్తున్నామని ప్రకటించే పత్రిక, ఒక జట్టు చరిత్రలో సగానికి పైగా మింగేసి కూడా నిశ్చింతగా ఉండగలిగిందంటే, అది ఆడవాళ్ల ఆట కాబట్టేనని అనుకోక తప్పడం లేదు.

డాలస్ నగరం 2016లో తొలిసారి మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ చూసిందని మీ వ్యాసం చెప్పింది. 1979లోనే ఇక్కడ డాలస్ డైమండ్స్ అనే జట్టు ఉండేది. మరుసటి ఏడాది డ్రాఫ్టులో, అంటే కొత్త క్రీడాకారిణులను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి ఎంపికగా నాన్సీ లీబర్‌మన్‌ను తెచ్చుకున్న ఆ జట్టు, 1981లో ఫైనల్ దాకా వెళ్లి నెబ్రాస్కా జట్టు చేతిలో ఓడింది. ఆ వెంటనే ఆ జట్టు ఆడే లీగే మూతపడింది. లీబర్‌మన్ కథ అక్కడితో ఆగలేదు. 1998లో డెట్రాయిట్ షాక్ అనే కొత్త జట్టుకు తొలి కోచ్‌గా, జనరల్ మేనేజర్‌గా వెళ్లింది ఆమే. 2009లో డాలస్ శివారు ఫ్రిస్కోలోని పురుషుల జట్టుకు, అంటే పురుషుల ప్రధాన లీగ్ ఎన్‌బీఏ వారి డెవలప్‌మెంట్ లీగ్ జట్టుకు, కోచ్‌గా నియమితురాలైందీ ఆమే. ఫ్రిస్కోలో ఏ వీధికి వెళ్లినా తెలుగు వినిపిస్తుంది, మీ ప్రవాస పేజీ పాఠకుల్లో చాలామంది అక్కడివారే అయి ఉంటారు. వారి ఊళ్లో జరిగిన ఈ సంగతి వారికి చెప్పే అవకాశాన్ని మీ వ్యాసకర్త ఎందుకు వదులుకున్నారో నాకు అర్థం కాలేదు.

ఆ డెట్రాయిట్ షాకే రెండు ఊళ్లు మారి నేటి డాలస్ వింగ్స్ అయింది. 'ఇంతవరకు ఒక్క టైటిలైనా గెలవని జట్టు' అని మీరు రాసిన జట్టు, పాత పేరుతో 2003, 2006, 2008లలో మూడుసార్లు అమెరికా మహిళల ప్రధాన లీగ్ డబ్ల్యూఎన్‌బీఏకి ఛాంపియన్. అందులో 2003 గెలుపు ఈ లీగ్ చరిత్రలోనే చెప్పుకోదగ్గది. అంతకు ముందు ఏడాది వరుసగా పది మ్యాచ్‌లు ఓడి సీజన్ మొదలుపెట్టిన జట్టును బిల్ లేంబీర్ మధ్యలో కోచ్‌గా చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఏడాది 9 గెలుపులు, 23 ఓటములు. మరుసటి ఏడాది 25 గెలుపులు, 9 ఓటములు, ఆపైన టైటిల్. లాస్ ఏంజెలిస్ స్పార్క్స్‌ను ఓడించిన ఆఖరి మ్యాచ్‌ను 22,076 మంది ప్రత్యక్షంగా చూశారు. మహిళల బాస్కెట్‌బాల్‌కు జనం రారని నేటికీ నిట్టూర్చేవారు ఈ అంకెను ఒకసారి చదువుకుంటే మంచిది. ఆ జట్టుకు ఆడిన స్విన్ క్యాష్, డియానా నోలన్, షెరిల్ ఫోర్డ్, రూత్ రైలీల పేర్లు మీ వ్యాసంలో కనీసం ప్రస్తావనకైనా నోచుకోలేదు.

ఆపై 2009లో యజమాని బిల్ డేవిడ్సన్ మరణించాడు, అదే ఏడాది జట్టు ఓక్లహోమాలోని టల్సాకు తరలింది. మూడు టైటిళ్లు గెలిచిన జట్టుకు అదీ దక్కిన గౌరవం. టల్సా షాక్ 2011లో 34 మ్యాచ్‌లాడి 3 గెలిచింది, వరుసగా 20 ఓడింది. ఎలాగో కోలుకుని 2015లో 18 విజయాలతో తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేరిందో లేదో, ఆ సీజన్ నడుస్తుండగానే జట్టును డాలస్ ప్రాంతానికి తీసుకెళ్తున్నామని యాజమాన్యం ప్రకటించింది. ఐదేళ్లు ఓటములు చూస్తూ కూడా టికెట్లు కొన్న టల్సా జనానికి, జట్టు గెలవడం మొదలుపెట్టిన ఏడాదే వీడ్కోలు చెప్పారన్నమాట.

ఈ చరిత్రంతా ఏకరువు పెట్టడానికి కారణముంది. రాబోయే 2026 సీజన్‌లో డాలస్‌కు టైటిల్ ఖాయమని మీ వ్యాసం తేల్చేసింది. ఆధారం ఏమిటయ్యా అంటే పెయిజ్ బ్యూకర్స్. ఆమె ఆటను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. 2025 డ్రాఫ్టులో మొదటి ఎంపికగా వచ్చి, సగటున 19 పాయింట్లకు పైగా చేసి, ఆ ఏటి మేటి కొత్త క్రీడాకారిణిగా ఎంపికైన అమ్మాయి. ఆగస్టు 20న లాస్ ఏంజెలిస్‌లో ఒక్కతే 44 పాయింట్లు చేసింది. మీ వ్యాసకర్త ఆ 44ను శీర్షికలో పెట్టారు గానీ, ఆ మ్యాచ్ ఫలితం మాత్రం రాయలేదు. డాలస్ 80–81తో ఓడిపోయింది. ఒక మనిషి ప్రతిభ ఎంతవరకు మోయగలదో ఆ ఒక్క పాయింటే చెబుతోంది. ఆ సీజన్ మొత్తం మీద జట్టుకు 10 గెలుపులు, 34 ఓటములు. అంతకు ముందు 2024లో 9 గెలుపులు, 31 ఓటములు.

అలాగని ఇది ఎప్పుడూ ఇలాగే ఉన్న జట్టూ కాదు. 2023లో 22 మ్యాచ్‌లు గెలిచి, అట్లాంటాను దాటి సెమీఫైనల్ ఆడింది. అరికే ఒగున్‌బోవాలే, సటూ సబాలీ కలిసి ఆడిన ఆ జట్టును నిలబెట్టుకుని ఉంటే బ్యూకర్స్ రాక వేరే కథ అయ్యేది. సబాలీ ఫీనిక్స్‌కు వెళ్లిపోయింది. కోచ్‌ల సంగతి మరీ ఘోరం. డాలస్ ప్రాంతానికి వచ్చిన పదేళ్లలో ఫ్రెడ్ విలియమ్స్, బ్రయన్ ఆగ్లర్, వికీ జాన్సన్, లట్రీషియా ట్రామెల్, క్రిస్ కొక్లేన్స్ మారగా, ఇప్పుడు హోసే ఫెర్నాండెజ్ ఆరో పూర్తికాలపు కోచ్. ట్రామెల్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లిన మరుసటి సీజన్ ముగియగానే పదవి పోగొట్టుకుంది, కొక్లేన్స్‌కు దక్కింది ఒక్క సీజన్. మన జిల్లాల్లో కలెక్టర్లనైనా ఇంతకంటే కాస్త నెమ్మదిగా బదిలీ చేస్తారు.

ఫెర్నాండెజ్ మీద నాకు ఆశ ఉంది. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ జట్టును పాతికేళ్లు ఒక్కచోటే ఉండి నడిపినవాడు, నిలకడ అంటే ఏమిటో తెలిసినవాడు. వరుసగా రెండో ఏడాది డ్రాఫ్టులో మొదటి ఎంపిక కూడా డాలస్‌కే దక్కింది. అయితే లీగ్‌కు, క్రీడాకారిణులకు మధ్య ఉన్న ఒప్పందం గడువును రెండుసార్లు పొడిగించినా 2026 జనవరి 9తో అదీ తీరిపోయింది. ఈ ఉత్తరం రాసేనాటికి కొత్త ఒప్పందం కుదరలేదు. సీనియర్లలో అత్యధికులు, ఒగున్‌బోవాలేతో సహా, పాత ఒప్పందాలు ముగించుకుని ఎటు వెళ్లాలో తేల్చుకోవలసిన స్థితిలో ఉన్నారు. పైగా పోర్ట్‌లాండ్, టొరంటో జట్లు కొత్తగా వస్తున్నాయి, ఉన్నవారిలో కొందరిని అవీ పంచుకుంటాయి. మొదటి ఐదుగురు ఎవరో తెలియని జట్టుకు టైటిల్ ఖాయమని రాయడానికి ఎంత ధైర్యం కావాలి! ప్లేఆఫ్స్‌కు చేరితే నేను సంతోషిస్తాను, అంతకు మించి ఆశించను.

తొలి ఏడాది బ్యూకర్స్‌కు ముట్టిన జీతం 78,831 డాలర్లు. డాలస్‌లో కొత్తగా చేరే మన సాఫ్ట్‌వేర్ పిల్లల జీతమూ దాదాపు అంతే. 2028 నుంచి 2030 దాకా క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, ఫిలడెల్ఫియాలకు కొత్త జట్లు ఇస్తూ లీగ్ ఒక్కొక్కరి దగ్గర వసూలు చేస్తున్న ప్రవేశ రుసుము 25 కోట్ల డాలర్లు. క్రీడాకారిణులు ఒప్పందంపై ఎందుకు పట్టుబడుతున్నారో వేరే వివరించనక్కరలేదు. డెట్రాయిట్ పేరు ఆ జాబితాలో ఉండటం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉన్న ఛాంపియన్ జట్టును పోగొట్టుకున్న ఊరు, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ డబ్బు పోసి కొత్తది కొనుక్కుంటోంది.

ఇక స్టేడియం విషయం. 'డాలస్ నడిబొడ్డున సొంత గూటికి' అని మీరు ఉపశీర్షిక పెట్టారు. ఏ గూడు? 1957లో తెరిచిన మెమోరియల్ ఆడిటోరియాన్ని బాగుచేసి, జట్టును ఇప్పుడు ఆడుతున్న పొరుగూరు ఆర్లింగ్టన్ నుంచి అక్కడికి తెస్తామని, 15 ఏళ్ల ఒప్పందం కింద కోటి 90 లక్షల డాలర్ల ప్రోత్సాహకం ఇస్తామని డాలస్ నగర కౌన్సిల్ 2024 ఏప్రిల్‌లో ఆమోదించింది. అప్పుడు చెప్పిన గడువు 2026 సీజన్. ఆ సీజన్ కూడా ఆర్లింగ్టన్‌లోనే ఆడతారని ఇక్కడ అందరికీ తెలుసు, మీ వ్యాసకర్తకు తప్ప. శిక్షణ భవనం గడువూ జారింది, ఖర్చూ పెరిగింది. ఆ ఆడిటోరియం ఉన్న కన్వెన్షన్ సెంటర్‌నే 2026 వేసవి ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు అంతర్జాతీయ ప్రసార కేంద్రంగా వాడుకుంటారు. ప్రపంచకప్ తేదీ మారదు కాబట్టి అక్కడ పనులు దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. మహిళల జట్టు మాత్రం ఎంతకాలమైనా ఆగగలదని అధికారుల లెక్క. హోటళ్లపై పన్ను పెంచి కన్వెన్షన్ సెంటర్‌ను తిరిగి కట్టడానికి ఓటర్లు 2022లోనే సమ్మతించారు. అంటే అనుమతి ఉంది, రాబడి దారి ఉంది, లేనిది గడువంటే భయం. ఈ విషయంలో మన కార్పొరేషన్ల కమిషనర్లకూ అమెరికా నగర మేనేజర్లకూ తేడా వెతికితే దొరకలేదు.

మాలాంటివారికి ఇది పట్టింపే. ఇప్పటి స్టేడియం టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణంలోని ఏడు వేల సీట్ల కాలేజ్ పార్క్ సెంటర్. ఆ ఊరికి రైలు గానీ క్రమంగా తిరిగే సిటీ బస్సు గానీ లేదు. ఇంటికి ఒకే కారు ఉన్నవారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, కారు నడపని పిల్లలు అక్కడికి ఎలా వెళ్తారు? డాలస్ నడిబొడ్డుకైతే ఇర్వింగ్ నుంచి రైలుంది. కాలేజీ రోజుల్లో జిల్లా జట్టుకు ఆడినదాన్ని. నా కూతురి వయసు అమ్మాయిలు వారాంతంలో రైలెక్కి వెళ్లి బ్యూకర్స్‌ను చూసి రావాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాను.

హ్యూస్టన్ కామెట్స్ 1997 నుంచి వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచి కూడా 2008లో మూతపడింది. శాన్ ఆంటోనియో జట్టును 2018 సీజన్‌కు లాస్ వెగాస్‌కు తరలించుకుపోయారు. టెక్సస్‌లో మిగిలింది ఈ ఒక్కటే.

కనుక నా విన్నపాలు రెండు. మూడు టైటిళ్ల సంగతి, డైమండ్స్ సంగతి సవరణగా ప్రచురించండి. తర్వాత మీ ప్రవాస పేజీ విలేకరిని బ్యూకర్స్ ఫోటో కోసం కాక, మెమోరియల్ ఆడిటోరియానికి కొత్త గడువు ఏమిటని లిఖితపూర్వకంగా అడగడానికి డాలస్ నగర కార్యాలయానికి పంపండి. జవాబు ఏది వచ్చినా, రాకపోయినా, అదే పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఇర్వింగ్, టెక్సస్.