కూరగాయల సంచికి ముందే షరతులు రాసుకోవాలి

సంపాదకుడు గారికి,

టమాటా ధర మండిన ప్రతిసారీ హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: రైతుకు ముందుగా డబ్బు కడదాం, వారం వారం తాజా కూరగాయల సంచి తెప్పించుకుందాం. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడూ ఇదే జరిగింది. ఆలోచన మంచిదే. చిక్కల్లా, చేరేవాళ్లు దీన్ని పాల వాడికలాగే చూస్తున్నారు. రోజూ పాలు పోయించుకుని నెలాఖరున లెక్క కట్టడం వేరు, విత్తనం పడకముందే డబ్బు చేతికివ్వడం వేరు. పంట బాగా వస్తే సంచి నిండుతుంది. వడగళ్లు పడితే సగానికి తగ్గుతుంది. ఆ నష్టంలో మనకూ వంతు ఉంటుంది. జపాన్‌లో 1970ల్లో ‘తెయికెయి’ పేరుతో సాగిన, 1986 నుంచి అమెరికాలోనూ నడుస్తున్న పద్ధతికి మూలం ఈ ఒప్పుకోలే. మన దగ్గర దాన్ని కాగితం మీద పెట్టేవాళ్లు తక్కువ.

ముందు లెక్క చూద్దాం. నలుగురున్న ఇంటికి వారానికి 5 కిలోల కాయగూరలు, నాలుగు కట్టల ఆకుకూర, అంటే సుమారు 6 కిలోల సంచి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ తలకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటోంది. ఆ లెక్కన నలుగురికి వారానికి 11 కిలోలు కావాలి. మిగతాది బజారులో కొనుక్కోక తప్పదని రైతు మొదటి రోజే చెప్పేస్తే సగం తగాదాలు తగ్గుతాయి. మూడెకరాల తోట ఉన్నవారు 50 ఇళ్లకు మించి మాట ఇవ్వకపోవడం మంచిది. వంద ఇళ్ల దగ్గర డబ్బు తీసుకున్నవారు మూడో నెలలో బోయిన్‌పల్లి మార్కెట్లో కొని సంచులు నింపుతారు. సంచిలో ఊటీ క్యారెట్ కనిపిస్తే అడగండి.

బెండ తోటలో రోజు విడిచి రోజు కాయ కోయాలి. నాలుగు రోజులు ఆగితే తోక విరవబోయినా టక్కుమనదు, వంగుతుంది, ముదిరిపోయిందన్నమాట. బీర, గోరుచిక్కుడు కూడా అంతే. అందరికీ శనివారమే సంచి ఇస్తామంటే మిగతా రోజుల కోత ఏమవుతుంది? దళారీ చేతికి పోతుంది, లేదా ముదురు కాయలన్నీ శనివారం సంచిలోకి చేరతాయి. 50 ఇళ్లను మంగళ, గురు, శనివారాలకు మూడు జట్లుగా విడదీస్తే ఈ బాధ ఉండదు. వరసగా మూడు వారాలు సొరకాయే వచ్చిందన్న ఫిర్యాదుకు కారణం వేరు: పాదులన్నీ ఒకే రోజు పెట్టడం. తోటకూర, మెంతికూర 25–30 రోజుల్లో కోతకు వస్తాయి కనుక పది రోజులకో మడి చల్లాలి. పాదులను నెల తేడాతో రెండు దఫాలుగా పెట్టాలి. విత్తే తేదీల పట్టిక చూపించలేని రైతుకు డబ్బు కట్టొద్దు.

ఎక్కువమంది సంక్రాంతి ముందు చేరి మేలో మానేస్తారు. చలికాలంలో క్యాబేజీ, కాలీఫ్లవర్, చిక్కుడు, టమాటా పొంగిపొర్లుతాయి. ఎండలు ముదిరాక టమాటా పూత రాలిపోతుంది, బోరు నీళ్లు తగ్గుతాయి, సంచిలో దోస, గుమ్మడి, ములక్కాడ, గోంగూర మిగులుతాయి. ఇది మోసం కాదు, రుతువు. అందుకే ఏడాదికి కాకుండా 13 వారాల చొప్పున నాలుగు ఒప్పందాలు రాసుకోవడం నయం. వారానికి 450 అనుకుంటే 13 వారాలకు 5,850 రూపాయలు. దుక్కి, విత్తనం, నారు, డ్రిప్ మరమ్మతు ఖర్చులన్నీ మొదట్లోనే పడతాయి కనుక 40 శాతం ముందుగా, మిగతాది అయిదో వారం, తొమ్మిదో వారం ఇస్తే ఇద్దరికీ భద్రం. ఊరెళ్లేవాళ్లు కోతకు మూడు రోజుల ముందు చెప్పాలి. మరుసటి వారం రెండు సంచులు కావాలంటే కాయలు ఇవ్వొచ్చు కానీ ఆకుకూర కుదరదు.

సంచి కట్టడం చిన్న పనేమీ కాదు. తెల్లవారుజామున మంచు తడితో కోసిన గోంగూరను ప్లాస్టిక్ కవరులో బిగిస్తే సాయంత్రానికి ఆకు నల్లబడి జిగురు కడుతుంది. నీడన తడి ఆరబెట్టి, గుడ్డ సంచిలో అన్నిటికన్నా పైన పెట్టాలి. అడుగున గుమ్మడి, సొర. టమాటాకు విడిగా అట్టపెట్టె.

‘ప్రకృతి సేద్యం’ అన్న మాట దగ్గర జాగ్రత్త. ఏడాది అమ్మకం 12 లక్షల లోపున్న చిన్న రైతు తినేవారికి నేరుగా అమ్మితే సేంద్రియ ధ్రువపత్రం తప్పనిసరి కాదు, సేంద్రియ ఆహారానికి వేసే ప్రభుత్వ గుర్తు ‘జైవిక్ భారత్’ ముద్ర మాత్రం వాడకూడదు. పది ఊళ్లలో సరుకు కొని తెచ్చే కంపెనీ ఈ చిన్న రైతు మినహాయింపు చాటున దాక్కోవడానికి వీల్లేదు. పీజీఎస్ (రైతులే ఒకరికొకరు పూచీ పడే సేంద్రియ ధ్రువీకరణ) బృందంలో ఉన్న రైతయితే, కనీసం అయిదుగురు రైతులు ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు కనుక ఆ కాగితం అడగవచ్చు. లేనివారిని పిచికారీ పుస్తకం చూపించమనండి: ఏ మడికి, ఏ తేదీన, ఏం కొట్టారు.

మార్కెటింగ్ శాఖకు ఒక విన్నపం. ఇరవై ఇళ్లకు ఆటోలో తిప్పి ఇచ్చేసరికి కిరాయి రైతు మిగులును మింగేస్తోంది. 1999లో రైతు బజార్లు పెట్టింది దళారీని తప్పించడానికే కదా. మెహదీపట్నం, ఎర్రగడ్డ, సరూర్‌నగర్, వనస్థలిపురం బజార్లలో వారానికి మూడు రోజులు ఉదయం 7 నుంచి 9 దాకా నీడ ఉన్న ఒక్కో చోటు ఈ సంచుల పంపిణీకి కేటాయించాలి. 9 దాటినా ఎవరూ తీసుకెళ్లని సంచుల్ని అక్కడే విప్పి తూకానికి అమ్ముకోనివ్వాలి. ఉద్యానశాఖ తెలుగులో ఒక్క పేజీ నమూనా ఒప్పందం తయారుచేసి ఆ బజారు గేటు దగ్గర అతికిస్తే చాలు.

— ఒక పాఠకుడు, వనస్థలిపురం, హైదరాబాద్