పక్కపక్క గ్రాఫులకు కొలత ఒకటే ఉండాలి

సంపాదకులకు,

రెండు మూడు గ్రాఫులను పక్కపక్కన వేసి పోల్చి చూపడం పత్రికల్లో మామూలైంది. కానీ వాటి నిలువు అక్షం చాలాసార్లు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటోంది. ఎడమ గ్రాఫు 0 నుంచి 100 దాకా, కుడిది 40 నుంచి 50 దాకా ఉంటే, అదే 4 పాయింట్ల పెరుగుదల ఒకచోట చదునుగా, మరోచోట కొండలా కనిపిస్తుంది. చూసేవారి కన్ను ముందు గీత ఎత్తు మీదే పడుతుంది, అంకెల మీద కాదు. గీసినవారికి దురుద్దేశం ఉండనక్కర్లేదు. గ్రాఫులు గీసే పైథాన్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో మనం ఏమీ చెప్పకపోతే ప్రతి సబ్‌ప్లాట్, అంటే ఒకే బొమ్మలోని ఒక్కో గ్రాఫు, తన డేటాను బట్టి హద్దులు తానే పెట్టేసుకుంటుంది.

సబ్‌ప్లాట్స్ ఫంక్షన్‌కు 1 అడ్డువరుస, 3 నిలువువరుసలు అని చెప్పేటప్పుడే, నిలువు అక్షాన్ని పంచుకోమనే షేర్‌వైకి ట్రూ అని ఇస్తే మూడింటికీ ఒకే హద్దులు వస్తాయి. ఒకదానికి సెట్‌_వైలిమ్‌తో హద్దులు మారిస్తే మిగతావీ మారతాయి. అంకెలు ఎడమ చివర ఒక్కసారే పడతాయి కాబట్టి చోటూ కలిసివస్తుంది. ఉష్ణోగ్రత, వర్షపాతం లాంటి వేర్వేరు ప్రమాణాలకు మాత్రం ఇది పనికిరాదు. వాటిని ఒకదాని కింద ఒకటి పెట్టి, అడ్డు అక్షాన్ని పంచుకోమనే షేర్‌ఎక్స్ ఒక్కటే ఇవ్వాలి. ప్రమాణం ఒకటే అయినా, ఒకటి వేలల్లో, మరొకటి పదుల్లో ఉంటే ఒకే హద్దుల్లో చిన్నది నేలకు అంటుకుపోతుంది. అప్పుడు రెండింటి తొలి విలువనూ 100గా మార్చి గీయడం మేలు.

కొత్తవారు తడబడేది మరోచోట. 2 అడ్డువరుసలు, 3 నిలువువరుసలు అడిగితే గ్రాఫుల పట్టిక వస్తుంది, అందులో ఒక్కో గ్రాఫును పిలవడానికి అడ్డువరుస, నిలువువరుస అని రెండు సూచికలు కావాలి. 1, 3 అడిగితే ఒకే సూచిక. 1, 1 అడిగితే పట్టికే ఉండదు, నేరుగా ఒక్క గ్రాఫే వస్తుంది. అందుకే నిన్న నడిచిన కోడ్ గ్రాఫుల సంఖ్య మారగానే ఆగిపోతుంది. సబ్‌ప్లాట్స్‌కు స్క్వీజ్ ఫాల్స్ అని ఇస్తే ఎప్పుడూ రెండు సూచికలే ఉంటాయి. ఇక పీఎల్‌టీ.టైటిల్ వాడితే శీర్షిక చివరి గ్రాఫుకే పడుతుంది. ప్రతిదానికీ విడిగా సెట్‌_టైటిల్ రాయాలి. అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా లేఅవుట్‌కు కన్‌స్ట్రెయిన్డ్ అని ఇస్తే, గీసిన ప్రతిసారీ ఖాళీలు సర్దుకుంటాయి. టైట్‌_లేఅవుట్ అయితే పిలిచిన క్షణానికి ఉన్నవాటినే సర్దుతుంది కనుక పేర్లన్నీ రాశాకే పిలవాలి.

అచ్చుకు ఇచ్చేవారు ముఖ్యంగా చూడాల్సింది ఫిగ్‌సైజ్, అంటే మొత్తం బొమ్మ వెడల్పు, ఎత్తు. దాని కొలత అంగుళాల్లో. ఏమీ ఇవ్వకపోతే 6.4, 4.8. మూడు గ్రాఫులు పట్టాలని 12 అంగుళాలకు గీసి 4 అంగుళాల కాలమ్‌లో కుదిస్తే, 10 పాయింట్ల అక్షరం 3.3 పాయింట్లకు పడిపోతుంది, ఎవరూ చదవలేరు. అచ్చయ్యే వెడల్పునే ఫిగ్‌సైజ్‌గా ఇవ్వాలి. బొమ్మను ఫైలుగా దాచే సేవ్‌ఫిగ్‌లో బీబాక్స్‌_ఇంచెస్ టైట్ అని పెడితే అంచులు కత్తిరించి ఆ వెడల్పును మార్చేస్తుంది. కాలమ్ కొలతకు గీసిన బొమ్మకు దాన్ని వాడకూడదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు