అద్దె ఇంటికి రంగులు ఎవరు వేయించాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

విజయవాడలో అద్దెకుండే ఎవర్ని కదిపినా చెప్పే సంగతి ఒకటి పేపర్లలో మాత్రం ఎక్కడా కనపడదు, అందుకే ఈ ఉత్తరం. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె 'రంగులకి' అని పట్టుకుంటారు. ఇదేంటండీ అని అడిగితే "ఊళ్లో అందరూ చేసేదే కదమ్మా" అంటారు. సత్యనారాయణపురమైనా పటమటైనా భవానీపురమైనా ఇదే వరస. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా చెల్లెలు కూడా మొన్న ఇల్లు మారేటప్పుడు ఇదే కట్టుకుని బయటపడింది.

మా పక్క పోర్షన్ వాళ్ల సంగతి చెప్తాను. మూడేళ్లున్నారు, అద్దె 12,000, అడ్వాన్సు 36,000. ఖాళీ చేసే రోజు ఓనరు గారు వచ్చి గోడలన్నీ ఒకసారి తడిమి చూసి, రంగులకి 12,000, వంటింట్లో కుళాయి పాడైందని ఇంకో 1,500 తీసేసుకుని మిగతాది చేతిలో పెట్టారు. వాళ్లు పాపం లారీ కింద ఉంది, సామాను ఎక్కుతోంది, ఆ టెన్షన్లో ఏం మాట్లాడతారు, తీసుకుని వెళ్లిపోయారు. వారం తిరక్కుండా కొత్తవాళ్లు దిగారు. పాలు పొంగిస్తున్నాం రండి అంటే వెళ్లాను. హాల్లో తలుపు పక్క గోడ మీద పాతవాళ్ల పిల్లాడి ఎత్తు కొలిచి పెన్సిల్‌తో గీసిన గీతలు, పక్కన తేదీలతో సహా అలాగే ఉన్నాయి. రంగు డబ్బా ఆ గుమ్మం తొక్కలేదు. రేపు వీళ్లు వెళ్లేటప్పుడు అదే గోడకి ఇంకో నెల అద్దె పోతుందన్నమాట.

దీనికి చట్టంలో సమాధానం లేక కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది. అందులో 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి, అయితే మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి అతను బాధ్యుడు కాడు. మూడేళ్లలో గోడ వెలిసిపోవడం అరుగుదల కాక మరేమిటి? పిల్లాడు స్కెచ్ పెన్నులతో గోడంతా బొమ్మలేస్తేనో, తలుపు పగలగొడితేనో అది వేరే సంగతి, కట్టాల్సిందే, కాదనం. ఇక 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించి రాష్ట్రాలకి పంపిన నమూనా అద్దె చట్టంలోనైతే ఎవరి పని ఏదో జాబితా రాసే పెట్టారు. గోడలకి సున్నం, తలుపులకీ కిటికీలకీ రంగులు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనరు చూసుకోవాలి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు రిపేరు, తాళాలు, కాలవ శుభ్రం చేయించడం అద్దెకున్నవాళ్లు చూసుకోవాలి. ఈ లెక్కన మా పక్కవాళ్ల కుళాయి డబ్బులో కొంత న్యాయం ఉందేమో గానీ రంగుల డబ్బులో లేదు. అడ్వాన్సు కూడా నివాసాలకి రెండు నెలల అద్దెకి మించకూడదని ఆ నమూనా చెప్తోంది.

నమూనా నమూనాయే అనుకోండి, అద్దె చట్టం చేసుకోవాల్సింది రాష్ట్రాలే. మనకి 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం బదులు 2017లోనే కొత్త అద్దె చట్టం ఒకటి వచ్చింది. మా వీధిలో అడిగి చూశాను, దాని పేరు విన్నవాళ్లు అద్దెవాళ్లలోనూ లేరు, ఓనర్లలోనూ లేరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పైన చెప్పిన 108వ సెక్షన్ మొదట్లోనే 'ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరేగా లేనప్పుడు' అనే మాట ఉంది. అంటే మనం నోరు మూసుకుని ఇచ్చేస్తున్న కొద్దీ, ఇది ఊరి ఆచారమేనండీ అని రేపు ఎవరైనా కోర్టులోనే వాదించొచ్చు. అందుకని తాళం చెవి చేతికి రాకముందే, అగ్రిమెంటులోనే, 'ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో అడ్వాన్సులోంచి ఏమీ తగ్గించరాదు' అని ఒక్క వాక్యం రాయించుకోండి. ఇల్లు నచ్చేసిందని మొహమాటపడి అప్పుడు వదిలేస్తే తర్వాత అడగడానికి ఏమీ మిగలదు.

అగ్రిమెంటు అంటే గుర్తొచ్చింది, అందరూ 11 నెలలకే ఎందుకు రాస్తారో చాలామందికి తెలియదు. ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాలని కేంద్రం వారి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్తుంది, ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11 నెలలు. మన రాష్ట్రంలో మాత్రం 1999 సవరణ తర్వాత ఎంత కాలం లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందే. పైగా 11 నెలలయ్యాక కొత్త కాగితం రాసుకోకుండా నోటిమాట మీద ఏళ్లకేళ్లు ఉండిపోతాం చూడండీ, అక్కడ దెబ్బ తింటాం. మామూలుగా కాగితం లేకుండా నెలనెలా సాగే అద్దె కింద ఖాళీ చేయమనడానికి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. పిల్లల బడి మధ్యలో 15 రోజుల్లో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

దిగిన రోజే ప్రతి గదీ వీడియో తీసి ఓనరు గారికి వాట్సాప్‌లో పంపండి, చెమ్మ పట్టిన గోడలు, ఊడిన పెచ్చులు, కరెంటు మీటరు రీడింగుతో సహా. అద్దె చేతికి ఇవ్వకుండా ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో వేసి 'ఫలానా నెల అద్దె' అని రాయండి. కొందరు ఓనర్లు నగదే కావాలంటారు, ఏడాది అద్దె లక్ష దాటితే ఆదాయపు పన్నులో ఇంటి అద్దె మినహాయింపు కోసం మన ఆఫీసులో వాళ్ల పాన్ నంబరు ఇవ్వాల్సి వస్తుందని వాళ్ల భయం. నగదే ఇవ్వాల్సి వస్తే రసీదు అడగండి.

కరెంటు సంగతి ఇంకో పురాణం. ఒకే సర్వీసు మీద సబ్‌మీటర్లు పెట్టి యూనిట్‌కి 10 రూపాయలు వసూలు చేసే ఇళ్లు మన ఊళ్లో కోకొల్లలు. 2022లో మారిన టారిఫ్ చూడండి. ఇళ్లకి మొదటి 30 యూనిట్లు 1.90, అక్కడి నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6. సొంత మీటరుండి నెలకి 100 యూనిట్లు కాల్చేవాళ్లకి వాడకం ఖర్చు 304 రూపాయల 50 పైసలు. దాని మీద ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు, సుంకం ఎన్ని కలిపినా, సబ్‌మీటరు వాడు కట్టే వెయ్యికి చాలా దూరంలోనే ఆగుతుంది. ఓనర్ల మాటలోనూ కొంత నిజముంది, నాలుగు పోర్షన్ల వాడకం ఒకే బిల్లులో పడితే చాలా యూనిట్లు పై స్లాబుల్లోకి పోతాయి, 226 నుంచి 8.75, నాలుగొందలు దాటితే 9.75. అలాంటప్పుడు అసలు బిల్లు చూపించి యూనిట్ల లెక్కన పంచుకోవాలి గానీ నోటికొచ్చిన రేటు చెప్పకూడదు. వీలుంటే పోర్షన్‌కి వేరే మీటరు అడగండి. ఓనరు ఒప్పుకోలు కాగితం ఇవ్వలేదన్న కారణంతో అద్దెకున్నవాళ్లకి కరెంటు కాదనకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

అద్దె కట్టడం ఆలస్యమైతే మోటారు కట్టేయడం, ఫ్యూజు పీకేయడం, తాళం మీద తాళం వేయడం కొందరికి అలవాటు. అలా చేయకూడదు. బాకీ ఉంటే వసూలుకి దారులున్నాయి, ఖాళీ చేయించాలంటే కోర్టు ఉంది. బలవంతంగా బయటికి నెట్టేస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి ఇంటిని మళ్లీ స్వాధీనం చేసుకోవచ్చు, ఇల్లు ఎవరిదనే గొడవ అక్కడ రాదు. స్టేషన్‌కి వెళ్తే ఇది సివిల్ మేటరమ్మా అంటారు, అన్నా సరే ఫిర్యాదు కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి, దావాలో ఆ తేదీ పనికొస్తుంది.

ఇవన్నీ ఇల్లు దొరికాక వచ్చే కష్టాలు. దొరకడమే కష్టమైన వాళ్లున్నారు. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అద్దె ఎంతో చెప్పకముందే వచ్చే ప్రశ్న "మీరేవిట్లండీ?" అని. చెప్పగానే "ఇందాకే ఎవరో అడ్వాన్సిచ్చారమ్మా" అంటారు, బోర్డు మాత్రం నెల రోజులు అక్కడే వేలాడుతుంది. సొంత ఇంటి ఓనరు కులం, మతం, తిండి అడక్కూడదని అన్నిటికీ వర్తించే చట్టం మన దేశంలో ఇంకా లేదు, సిగ్గుపడాల్సిన విషయమే. ఉన్నంతవరకు తెలుసుకోవాలి. ట్రాన్స్‌జెండర్లకి ఇల్లు అద్దెకివ్వడంలో వివక్ష చూపకూడదని 2019 చట్టం, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల విషయంలో 2017 చట్టం స్పష్టంగా చెప్తున్నాయి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాన్ని ఇతరులు ఉంటున్న ఇంట్లోంచి వెళ్లగొడితే అట్రాసిటీ చట్టం కింద నేరమవుతుంది.

మన ఊరిని ముంచిన బుడమేరు వాగు గురించి రాయకుండా విజయవాడ అద్దెల గురించి ముగించలేను. 2024 సెప్టెంబరు వరదలో సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్లది కింద పోర్షన్, ఫ్రిజ్జు, మంచాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పోయాయి. ప్రభుత్వం కింద అంతస్తుకి 25,000, పై అంతస్తులకి 10,000 ప్రకటించింది. వీళ్ల ఆధార్‌లో పాత ఊరి అడ్రసు, చేతిలో అగ్రిమెంటు లేదు, ఈ ఇంట్లో ఉన్నది మేమేనని చూపించుకోవడానికి నానా తంటాలు పడ్డారు. ఇంకోపక్క ఇంట్లో కాలు పెట్టలేని రోజులకి కూడా అద్దె అడిగారు. వరదకి ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దెదారు ఒప్పందం రద్దు చేసుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనే ఉంది, కానీ పది రోజులు నీళ్లు నిలిచి పోయే చోట అది అక్కరకి రాదు. బుడమేరు పరిసరాల్లో ఇల్లు తీసుకునేవాళ్లు 'నీళ్లు నిలిచిన రోజులకి అద్దె లేదు' అని కూడా రాయించుకోవడం మంచిది.

మంచి ఓనర్లు లేరని నేననను. ఒకే ఒక్క పోర్షన్ అద్దె మీద బతికే పెద్దవాళ్లున్నారు, నెలల తరబడి అద్దె ఎగ్గొట్టి రాత్రికి రాత్రి సామాను సర్దేసే అద్దెవాళ్లూ ఉన్నారు. కాగితం ఉంటే అలాంటి ఓనర్లకీ మేలే.

నేనడిగేది రెండే. టూలెట్ ప్రకటనలు వేసే పేజీలోనే ఓనరు పనులు ఇవి, అద్దెదారు పనులు ఇవి అని ఒక చిన్న పెట్టె కట్టి మీరు వేయండి. అద్దె తగాదాకి 2017 అద్దె చట్టం కింద ఏ అధికారి దగ్గరికి వెళ్లాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో వార్డు సచివాలయాల గోడ మీద కార్పొరేషన్ వారు రాయించాలి. ఈలోగా లాయరుకి ఇచ్చుకోలేనివాళ్లు న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయొచ్చు. ఆడవాళ్లకీ ఎస్సీ, ఎస్టీలకీ వికలాంగులకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని పెడతారు.

ఇట్లు,
అద్దె ఇంట్లో ఉంటున్న ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ