వాసన మట్టికి, రంగు నిప్పుకి

చిట్టితల్లీ,

నీ ప్లాన్ చూశాను. పంచభూతాల పేరుతో అయిదు సబ్బులు, ఒక్కోదానికి ఒక రంగు, ఒక సువాసన. ఆలోచన బాగుంది. కాకపోతే నిప్పు సబ్బుకి బీట్‌రూట్ రసం, మందార పొడి అని రాసుకున్నావు చూడు, అది చదవగానే ఫోన్‌లో రెండు ముక్కలు చెబితే సరిపోదు, ఉత్తరమే రాయాలి అనిపించింది.

సబ్బు గిన్నెలో మన ఇష్టం కన్నా కాస్టిక్ సోడా మాటే ఎక్కువ చెల్లుతుంది. బాగా ఆరిన సబ్బు పీహెచ్, అంటే క్షార గుణం కొలత, కూడా 9, 10 మధ్య ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. ఆ క్షారం ముందు బీట్‌రూట్ ఎరుపు నిలవదు, గోధుమ రంగుకి దిగిపోతుంది. మందార పొడి బూడిదకీ మట్టికీ మధ్య ఏదో రంగులో ఆగుతుంది. లావెండర్ పువ్వులు లోపల కలిపితే అవీ గోధుమ రంగుకే తిరుగుతాయి, చుట్టూ మరక కూడా పడుతుంది. ఆకుల పచ్చదనం మొదట్లో మురిపించి, వెలుతురు తగిలే కొద్దీ వెలిసిపోతుంది. రేకలు కనిపించాలని నీకు మరీ ముచ్చటగా ఉంటే బంతిపువ్వులాంటి కాలెండులా రేకలు వేసుకో, వాటి పసుపు బాగానే నిలుస్తుంది.

ఇంకో సంగతి. వాసన కోసం పోసేది కూడా రంగు వేస్తుంది. వెనిలా వాసననిచ్చే వెనిలిన్ ఉన్న సువాసన ఏది పోసినా, అచ్చులోంచి తీసినప్పుడు మీగడలా ఉన్న సబ్బు కొన్నాళ్లకి ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. నారింజ, నిమ్మగడ్డి నూనెలు పసుపు ఛాయ తెస్తాయి. ఆలివ్ నూనె పచ్చగా ఉంటే దానిమీద నువ్వు వేసిన నీలం ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందుకని ముందు నూనెల రంగు చూసుకో, తర్వాత వాసన తెచ్చే రంగు చూసుకో, ఆ రెండూ తేలాకే నువ్వు కలపబోయే రంగు సంగతి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పాత తర్కశాస్త్రంలో భూతాలకి గుణాలు పంచిపెట్టారు. ఆకాశానికి శబ్దం, గాలికి స్పర్శ, నిప్పుకి రూపం, నీటికి రసం, మట్టికి గంధం. అంటే వాసన మట్టి సొత్తు. నీళ్లలోనో గాలిలోనో మనకి తెలిసే వాసన, వాటిలో కలిసిన మట్టి అంశదే అనేవారు. సైన్సుగా దీన్ని ఎవరూ ఒప్పుకోరు గానీ, నీ పనికి మాత్రం భలే పనికొస్తుంది. అయిదు సబ్బులకీ వాసన, రంగు సమానంగా పంచాలని ఎక్కడుంది? మట్టి సబ్బులో నీ శ్రద్ధంతా వాసన మీద పెట్టు. నిప్పు సబ్బులో రంగు మీద. గాలి సబ్బులో అది ఒంటికి ఎలా తగులుతుందన్న దాని మీద. మిగిలిన రెండు సబ్బులూ గుట్టుగా ఉన్నా ఏం నష్టం లేదు.

మట్టితోనే మొదలుపెట్టు. తొలకరి వాన పడగానే వచ్చే వాసనలో ముఖ్యమైన పదార్థం జియోస్మిన్. స్ట్రెప్టోమైసిస్ లాంటి నేల సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. నీటిలో లక్ష కోట్ల పాళ్లకి కొన్ని పాళ్లు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. ఆ వాసన అచ్చంగా సబ్బులోకి రావాలని పట్టుబట్టకు. దానికి దగ్గరి చుట్టాలు వట్టివేరు, పచౌలీ అనే సువాసన ఆకు, దేవదారు. మూడూ బరువైన నూనెలే, తొందరగా ఎగిరిపోవు. సబ్బు సగం అరిగాక కూడా వాసన ఉంటుంది. పాళ్లు తేల్చుకోవడానికి సీసాల మీద సీసాలు ఖర్చుపెట్టక్కర్లేదు. మూతున్న చిన్న గాజు సీసా ఒకటి, నాలుగు దూది పుల్లలు తీసుకో. వట్టివేరు చుక్క ఒక పుల్లకి, పచౌలీ చుక్క ఒకదానికి, దేవదారు మిగిలిన రెంటికీ వేసి, అన్నీ సీసాలో పెట్టి మూత బిగించు. మర్నాడు మూత తీసి, సీసాని ముక్కుకి జానెడు దూరంలో పెట్టుకుని చూడు. తీసిన వెంటనే తగిలేదొకటి, కాసేపటికి మిగిలేదొకటి. నువ్వు నమ్మాల్సింది ఆ మిగిలేదాన్ని. పచౌలీ పెత్తనం చేస్తోందనిపిస్తే దాని పుల్ల తీసేసి ఇంకో రోజు ఆగు. నా మట్టుకు వట్టివేరు కాస్త ముందుండాలి, పచౌలీ ఉందా లేదా అన్నట్టుండాలి. నీ ముక్కు నీది.

మొత్తం సువాసన నూనెలు, కిలో సబ్బు నూనెలకి 30 గ్రాములు దాటకుండా చూసుకో. రంగుకి ఎర్ర బంకమన్ను చాలు. అర కిలో నూనెలకి ఒక చెంచా. కాస్మెటిక్ గ్రేడుదే తీసుకో, పెరట్లోంచి తవ్వుకు రాకు. బంకమన్ను నీళ్లు పీల్చేస్తుంది కాబట్టి ముందే కాసిని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పెట్టుకోవాలి.

నిప్పు సబ్బు దగ్గర నిన్ను కాసేపు ఆపుతాను, ఎందుకంటే ఇక్కడే చూడటానికి ఎక్కువుంది. పసుపు కలిపిన నూనెలో లై నీళ్లు, అంటే కాస్టిక్ సోడా కరిగించిన నీళ్లు, పోస్తూ గిన్నెలోకి చూడు. ధార పడిన చోటల్లా పచ్చదనం పోయి నెత్తుటి ఎరుపు పాకుతుంది. కలిపే కొద్దీ గిన్నెంతా ఇటుక రంగవుతుంది. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే అలా ఎరుపెక్కుతుంది. కంగారు పడకు, ఆ ఎరుపు ఉండిపోదు. సబ్బు ఆరుతున్న కొద్దీ నారింజకీ, బంగారు రంగుకీ దిగుతుంది. ఎండలో పెడితే వెలిసిపోతుంది, కాబట్టి నీడనే ఆరబెట్టు.

ఎరుపు కావాలంటే మంజిష్ఠ వేరు పొడి వాడు. మోతాదుని బట్టి గులాబీ నుంచి ఇటుక ఎరుపు దాకా వస్తుంది. నారింజకి జాఫ్రా గింజలు. వాటిని నూనెలో నానబెట్టి, వడకట్టి, ఆ నూనెనే సబ్బులో వాడాలి. నల్లదనానికి యాక్టివేటెడ్ చార్‌కోల్. నేనైతే అడుగున పలచగా నల్ల పొర, దానిమీద మంజిష్ఠ, ఆపైన జాఫ్రా, చిట్టచివర పసుపు పోస్తాను. కోసినప్పుడు ముక్కలో బొగ్గు నుంచి మంట కొస దాకా వరసగా కనిపిస్తుంది. చార్‌కోల్ మాత్రం చెంచాలో సగంతో మొదలుపెట్టు, ఎక్కువైతే నురగ కూడా బూడిద రంగులో వస్తుంది. పొరలన్నీ పోశాక అచ్చుకి తువ్వాలు చుట్టి వెచ్చగా ఉంచు. లోపలి వేడికి సబ్బు ఒకసారి జెల్ అయి గట్టిపడితే రంగులు చిక్కగా తేలతాయి.

దీనికి వాసన ఎందుకు తక్కువ పెట్టమంటున్నానంటే, నిప్పుని తలపించే నూనెలన్నీ పేచీకోరులే. లవంగ నూనె వేస్తే సబ్బు పిండి చూస్తుండగానే బిగుసుకుపోతుంది. నాలుగు పొరలు పోయాల్సిన సబ్బులో అంత టైం ఇవ్వదు. కిలోకి 5 గ్రాములు మించనివ్వకు, అది కూడా పై పొరలో మాత్రమే. దాల్చినచెక్క బెరడు నూనె జోలికి అసలు పోకు, చర్మం మంట పుడుతుంది.

గాలి సబ్బుకి నువ్వు నిమ్మ, నారింజ రాశావు. తేలిగ్గా ఉంటాయని కాబోలు. నిజమే, ఎంత తేలికంటే నెల తిరిగేసరికి సబ్బులో ఉండవు. నిమ్మవాసన కావాలంటే నిమ్మగడ్డి నూనె నయం, అది నిలుస్తుంది. కానీ నా మాట విని పుదీనా నూనె పెట్టు. అందులోని మెంథాల్, చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎమ్8 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నా ఒంటికి చల్లగాలి తగిలినట్టే ఉంటుంది. స్పర్శ గాలి గుణం అన్నదానికి ఇంతకన్నా ఏం కావాలి? ఈ గ్రాహకాల మీద పని చేసినందుకే డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకి 2021లో నోబెల్ వచ్చింది. మిరపకారం మంట ఎలా తెలుస్తుందో కూడా ఆ పరిశోధనల్లోనే తేలింది. నిప్పు సబ్బులో కాస్త మిరప్పొడి వేస్తే ఎలా ఉంటుందన్న తెలివి నీకు రాకముందే చెబుతున్నా, వద్దు. పుదీనా సబ్బు కూడా చంటిపిల్లలకి వాడనివ్వకు, కళ్ల దగ్గరికీ రానివ్వకు. రంగు ఏమీ వెయ్యకు. కొబ్బరినూనె పాలు ఎక్కువ పెట్టి, అచ్చుని తువ్వాలు చుట్టకుండా చల్లగా వదిలేస్తే తెల్లగానే వస్తుంది.

నీళ్లకి వాసన లేదు. దుకాణాల్లో సముద్రం పేరుతో అమ్మే సువాసనల్లో చాలావాటి వెనక ఉండేది 1966లో బయటపడిన కాలోన్ అనే రసాయనం. పుచ్చకాయనీ ఉప్పుగాలినీ కలిపినట్టుంటుంది. నాకైతే అది నీళ్ల కన్నా షాంపూనే ఎక్కువ గుర్తుచేస్తుంది. నీకు నచ్చితే కొద్దిగా వేసుకో. రంగుకి అల్ట్రామెరైన్ నీలం మంచిది, క్షారంలో చెక్కుచెదరదు. ముక్క మొత్తం నీలం చెయ్యకు. తెల్ల పిండిలో ఒక్క సన్నటి చార పొయ్యి.

ఆకాశం సబ్బుకి వాసనే వద్దు. చిటికెడు నీలిమందు, అంతే. సువాసన పడని వాళ్లు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు, ఈ సబ్బు వాళ్లకి.

జాఫ్రా గింజలు నూనెలో కొన్ని వారాలు నానాలి కాబట్టి అది ఈ వారమే మొదలుపెట్టు. మిగతావి ఆ లోపు తెప్పించుకోవచ్చు. కోసిన సబ్బులు 4 నుంచి 6 వారాలు ఆరాలి. పుదీనావి వేరే గదిలో పెట్టు, లేకపోతే వాసన లేని సబ్బుకి కూడా ఆ వాసన పట్టేస్తుంది. లై కలిపేటప్పుడు నీళ్లలోనే సోడా వెయ్యాలి, సోడా మీద నీళ్లు పొయ్యకూడదు. అల్యూమినియం గిన్నె వాడకు. కళ్లకి రక్షణ అద్దాలు, గ్లవ్స్ లేకుండా సోడా డబ్బా మూత కూడా తియ్యొద్దు. మొదటి సబ్బు కోసిన రోజు ఫోటో పంపు, ముక్కకి అడ్డంగా తీసింది, పొరలు కనిపించాలి.

నాన్న