పాత టైం టేబుల్ ఫొటో వేస్తే, అట్ట కూడా వేయండి

సంపాదకులకు,

మల్కాజిగిరి, సఫిల్‌గూడ, అమ్ముగూడ, అల్వాల్ మీదుగా సికింద్రాబాద్ నుంచి బొల్లారం వెళ్లే రైళ్ల పాత వేళల గురించి రాసేవాళ్లకు ముందు చేతికందేది వాట్సాప్‌లో తిరిగే ఒక పేజీ ఫొటో. దానికి అట్ట ఉండదు. అడుగున సన్నక్షరాల గమనికలు సగం తెగిపోయి ఉంటాయి. అంతమాత్రం ఆధారంతో ‘నిజాం కాలంలో పొద్దున ఇన్ని బళ్లుండేవి’ అని తేల్చేయడం కుదరదు.

అట్ట మీద రైల్వే పేరు చూస్తేనే కాలం చాలావరకు తెలిసిపోతుంది. మన్మాడ్ దాకా వేసిన ఈ మీటర్ గేజ్ లైను 1930 దాకా నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే నిర్వహణలో, ఆపైన నిజాం స్టేట్ రైల్వేలో ఉండేది. 1951 నవంబరు నుంచి సెంట్రల్ రైల్వే, 1966 అక్టోబరు 2 నుంచి దక్షిణ మధ్య రైల్వే. కేటలాగుల్లో వెతికేటప్పుడు బొల్లారం ఆంగ్ల స్పెల్లింగును ‘యు’తోనూ (Bolarum), ‘ఎ’తోనూ (Bolaram) కొట్టి చూడాలి.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో దస్త్రాలు చూసేవాళ్లు ఎక్కువగా తప్పులో కాలేసేది ఫసలీ, అంటే నిజాం సర్కారు వాడిన ఏడాది లెక్క, దగ్గర. నిజాం సర్కారు ఫసలీ ఏడాది అక్టోబరు 6న మొదలయ్యేది. కనుక ఇంగ్లీషు ఏడాది రావాలంటే ఫసలీ అంకెకు అక్టోబరు 6 నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. 1341 ఫసలీ అంటే 1931 అక్టోబరు నుంచి 1932 అక్టోబరు దాకా. అన్నిటికీ ఒకే అంకె కలిపేస్తే ఏడాది తేడా కొడుతుంది.

గడియారం సంగతీ చూసుకోవాలి. 1906కు ముందు రైళ్లు నడిచింది మద్రాసు టైం మీద; ఇప్పటి టైం కంటే అది సుమారు 9 నిమిషాలు వెనక. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు 15 దాకా యుద్ధం వల్ల దేశమంతా గడియారాన్ని గంట ముందుకు జరిపారు. ఆ పట్టికలో 8 గంటల బండి మన లెక్కలో 7 గంటల బండే. దూరాల గడిలో ఉండేవి మైళ్లు. 9 మైళ్లు అరగంటలో అంటే గంటకు 29 కిలోమీటర్ల వేగం. మైళ్లను కిలోమీటర్లనుకుంటే 18కి పడిపోతుంది, పాపం ఆ ఇంజనుకు లేని చెడ్డపేరు వస్తుంది.

ప్రయాణికుల పట్టిక ఒక్కటే చాలదు. సిబ్బంది కోసం వేసే వర్కింగ్ టైం టేబుల్ దొరికితే క్రాసింగులు (ఎదురు బళ్లు తప్పుకునే చోట్లు), వేగ నిబంధనలు తెలుస్తాయి. అది దొరక్కపోతే గ్రాఫ్ కాగితం తీసుకోండి. అడ్డంగా 10 నిమిషాలకు ఒక సెంటీమీటరు, నిలువుగా కిలోమీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వేసి, ఒక్కో బండికి ఒక గీత గీయండి. సింగిల్ లైను మీద ఎదురెదురు బళ్లు లూప్ (పక్క పట్టా) ఉన్న స్టేషన్లోనే తప్పుకోగలవు. రెండు గీతలు దారి మధ్యలో ఖండించుకుంటే ఏదో తప్పు చదివినట్టే. అరిగిపోయిన అచ్చులో 3 కాస్తా 8 అయి ఉంటుంది, 1 కాస్తా 7 అయి ఉంటుంది. లేదా ఆదివారం నడవని బండి పక్కనున్న నక్షత్రం గుర్తును వదిలేసి ఉంటారు. కిందినుంచి పైకి చదవాల్సిన గడిని పైనుంచి చదివినా ఇంతే.

ఒక ఏడాది బండి కనిపించలేదని ప్రయాణ సౌకర్యమే పోయిందనుకోకండి. 1932లో నిజాం స్టేట్ రైల్వేయే 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టింది. బస్సుల వేళలూ చూడాలి.

ఇళ్లలో ఇలాంటి పుస్తకాలున్నవాళ్లు పాత పేపర్లవాడికి వేసే ముందు అట్ట, ‘ఎప్పటి నుంచి అమలు’ అని ఉన్న పేజీ, లైను పట్టిక, గుర్తుల వివరణ, మధ్యలో అతికించిన సవరణ చీటీలు, ఈ ఐదూ ఫొటో తీసి ఉంచాలి. సవరణ చీటీని పీకి పారేస్తే కింద కనిపించేది రద్దయిన వేళే. తుప్పు పట్టిన పిన్నులు లాగొద్దు, కాగితం వాటితోపాటే ఊడొస్తుంది. సెల్లోటేప్ అసలు వద్దు. మీరు కూడా ఇకపై పాత పట్టిక ఫొటో వేసినప్పుడు, దాని కింద అమలు తేదీని ఒక్క ముక్కలో అచ్చు వేయగలరు.

— ఒక పాఠకుడు, అల్వాల్