స్కానింగ్ కాగితంలో ఆ చివరి వరుస

చిరంజీవి బాబుకు,

అమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన రిపోర్టులు చూశాను. మూడు నెలల చక్కెర సగటు తగ్గినందుకు నాకూ సంతోషంగా ఉంది. కానీ స్కానింగ్ కాగితం చివర ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని ఉంటే, “అది అందరికీ ఉండేదే అమ్మా” అని కొట్టిపారేశావు. నా మనసు అక్కడే చిక్కుకుంది.

నువ్వన్నదాంట్లో కొంత నిజముంది. టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి కాలేయంలో కొవ్వు ఉంటుంది. అయితే అది ముదిరే అవకాశం మిగతావాళ్లకన్నా మధుమేహం ఉన్నవాళ్లకే ఎక్కువ. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఒంట్లోని కొవ్వు నిల్వలు కరిగి, కొవ్వు ఆమ్లాలు అదేపనిగా కాలేయానికి చేరుతుంటాయి. ఎక్కువైన చక్కెరనూ కాలేయం కొవ్వుగా మారుస్తుంది. అలా కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్‌కు ఇంకా లొంగదు, రాత్రంతా రక్తంలోకి చక్కెరను వదులుతూనే ఉంటుంది. పరగడుపు చక్కెర దిగడం లేదని విసుక్కుంటావు కదా, దానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉందని ధీమా పడకు నాన్నా. ఆ అంకె మామూలుగా ఉన్నవాళ్లలోనూ కాలేయం లోపల మచ్చ కడుతూ ఉండవచ్చు. నొప్పి ఉండదు, కామెర్లు రావు, ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. స్కానింగ్‌లో రాసిన గ్రేడు కొవ్వు ఎంతుందో చెబుతుంది కానీ మచ్చ సంగతి చెప్పదు. ముందుముందు ఏమవుతుందన్నది ఆ మచ్చను బట్టే ఉంటుంది. అది పెరిగితే కాలేయమంతా మచ్చలతో గట్టిపడే సిరోసిస్ దాకా, ఒక్కోసారి క్యాన్సర్ దాకా పోతుంది.

అందుకే డాక్టరు గారిని మచ్చను అంచనా వేసే ఫిబ్-4 లెక్క కట్టమని అడుగు. వయసు, రక్త పరీక్షలో వచ్చే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగూ చాలు. నీ వయసులో అది 1.3 కన్నా తక్కువ వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. ఎక్కువ వస్తే కాలేయం ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చేయిస్తారు. సూది కూడా గుచ్చరు, భయం వద్దు.

ఈ జబ్బులో నాకు ధైర్యమిచ్చేది ఒకటుంది, కాలేయం కోలుకోగలదు. బరువులో 5 శాతం తగ్గినా కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలోని వాపు చల్లారుతుంది, అంతకు మించితే చాలామందిలో మచ్చ కూడా వెనక్కి పోతుంది. ఉపవాసాలతో ఒక్కసారిగా తగ్గాలని మాత్రం చూడకు, అది కాలేయానికే చేటు. తీపి పానీయాలు మానెయ్యి. మద్యం కొంచెమైనా వద్దు, ఈ విషయంలో నీతో బేరం ఆడను. మచ్చ ఓ మోస్తరుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు మందులూ ఉన్నాయి. మధుమేహానికి వాడే సెమాగ్లుటైడ్‌ను 2025లో అమెరికాలో దీనికీ అనుమతించారు. అది నీకు అవసరమో కాదో డాక్టరే చెప్పాలి.

కొలెస్ట్రాల్ మాత్ర కాలేయాన్ని పాడుచేస్తుందని ఎవరో అంటే విని మానేయకు. కాలేయంలో కొవ్వు ఉన్నవాళ్లను ఎక్కువగా బలిగొనేది గుండెజబ్బే, ఆ మాత్ర నీ గుండె కోసం.

ఈసారి వెళ్లేటప్పుడు ప్లేట్‌లెట్ల సంఖ్య ఉన్న కాగితం మరిచిపోకు. రక్త పరీక్షలన్నీ ఒకేసారి చేయించినవైతే లెక్క సరిగ్గా వస్తుంది.

ఇట్లు,
అమ్మ