రిపేరు కూడా పాఠమే

అయ్యా,

విండోస్ 98 రోజుల నుంచి నాకు కంప్యూటర్లంటే ప్రాణం. రిపేరు ఎవరూ నేర్పలేదు, విప్పి చూసి నేర్చుకున్నాను. ఆన్ చేస్తే బొమ్మ రాకుండా బీప్ శబ్దాలు వస్తుంటే, కరెంటు తీసేసి ర్యామ్ (మెమరీ పట్టీ) బయటకు లాగి, దాని పసుపు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా నొక్కితే చాలాసార్లు లేస్తుంది. తేదీ రోజూ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) మీది సీఆర్2032 బ్యాటరీ మార్చాలి. గుండ్రటి బిళ్ల, వాచీల షాపులోనే దొరుకుతుంది. ఇంత చిన్న లోపాలకే మా ఊరి బడిలో మూడు కంప్యూటర్లు మూలన పడి ఉండటం చూసి బాధేసింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ (కంపెనీ ఇచ్చే అప్‌డేట్లు) ముగిసింది. అది ఉన్న పాత కంప్యూటర్లలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసినా పిల్లలకు పనికొస్తాయి. వర్డ్, ఎక్సెల్‌తో పాటు స్క్రూడ్రైవర్ పట్టడం కూడా బడిలో నేర్పించాలని విద్యాశాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా